ట్రూ డిటెక్టివ్ సీజన్ 1: రస్ట్ నుంచి మార్టీకి ఏం అంటింది, మార్టీ నుంచి రస్ట్‌కి ఏం అంటింది?

#1 రెండోసీటు

ముందే చెప్తున్నా, ఇక్కడ కథ చివరిదాకా విప్పేసి మాట్లాడుకుందాం. చూడనివాళ్లు ఎనిమిది ఎపిసోడ్లూ చూసొచ్చి చదవండి.

ఇద్దరు పోలీసుల కథ అనగానే "ఒకడు నిప్పు, ఇంకొకడు నీళ్లు" అనేసి ఊరుకుంటాం. 2014లో హెచ్‌బీఓలో వచ్చిన ఈ సీజన్ కూడా పైకి అలాగే కనిపిస్తుంది. మాథ్యూ మెకానహే వేసిన రస్ట్ కోల్‌కి దేవుడి మీదా మనిషి మీదా నమ్మకం లేదు. వుడీ హారెల్సన్ వేసిన మార్టీ హార్ట్ ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పద్ధతైన సంసారినని తనకు తనే నచ్చజెప్పుకునే మనిషి. అయితే ఇద్దరూ వేరువేరుగా ఉండటం ఒక ఎత్తు, ఒకరి గుణం రెండోవాళ్లలోకి ఇంకడం ఇంకో ఎత్తు. చాలా సిరీస్‌లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. తిట్టుకుంటారు, చివర్లో కౌగిలించుకుంటారు, అయిపోయింది.

ఇందులో ఇంకడం ఎక్కడ జరిగిందో నాకు తెలిసి కచ్చితంగా వేలు పెట్టి చూపించగల చోటు ఎనిమిదో ఎపిసోడ్‌లోని ఆకుపచ్చ రంగు. వీళ్లు ఒక హంతకుడి కోసం వెతికే 1995 నాటి కేసులో, అడవిలో తనను తరిమిన మనిషికి ఆకుపచ్చ చెవులున్నాయని ఒక చిన్నపిల్ల చెప్తుంది. పిల్ల ఊహలే అని అందరూ పక్కన పెట్టేస్తారు. పదిహేడేళ్ల తర్వాత పాత ఫొటోలు తిరగేస్తూ, ఈరథ్ అనే ఊళ్లోని ఒక ఇంటికి కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగు దగ్గర ఆగేది రస్ట్ కాదు, మార్టీ. రంగు వేసినవాడి చెవులకు ఆ రంగే అంటి ఉంటే? ఎక్కడిదో ఒక మాటనీ ఇంకెక్కడిదో ఒక మరకనీ కలిపి చూసే బుద్ధి 1995లో మార్టీది కాదు, రస్ట్‌ది. అప్పట్లో పెద్ద లెడ్జర్ పుస్తకం పట్టుకు తిరుగుతాడని రస్ట్‌కి "టాక్స్‌మ్యాన్" అని పేరు పెట్టి నవ్విన ఆఫీసు అది.

అందుకే నా మాట: భాగస్వామి ప్రభావం పని చేసే పద్ధతిలో కనిపించాలి. "నువ్వు నన్ను మార్చేశావ్" అని పాత్ర నోరు తెరిచి చెప్పిందంటే రచయిత చేతులెత్తేసినట్టే. మీకు ఇలాంటి చోట్లు తడితే ఎపిసోడ్ నంబరుతో సహా రాయండి.

#2 ఎడిట్‌టేబుల్

ఆకుపచ్చ రంగు మంచి ఉదాహరణ. నేను ఐదో ఎపిసోడ్ పట్టుకుంటా.

ఈ సీజన్ మూడు కాలాల్లో నడుస్తుంది: 1995, 2002, 2012. 2012లో గిల్‌బో, పపానియా అనే ఇద్దరు డిటెక్టివ్‌లు రస్ట్‌నీ మార్టీనీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంటారు. అప్పటికి వీళ్లిద్దరూ మాట్లాడుకోక పదేళ్లు. 1995 హత్య కేసులో అనుమానితుడైన రెజీ లెడూ ఇంటి మీద దాడి గురించి అడిగినప్పుడు ఇద్దరూ ఒకే కథ చెప్తారు. అటు నుంచి ఆగకుండా కాల్పులు, మేం తప్పనిసరై తిరిగి కాల్చాం అని. తెర మీద మాత్రం వేరేది నడుస్తుంది. లెడూ చేతులకు సంకెళ్లున్నాయి. లోపల బంధించిన ఇద్దరు పిల్లల్ని చూసి బయటికొచ్చిన మార్టీ నేరుగా వెళ్లి వాడి తలలోకి కాల్చేస్తాడు. రస్ట్ ఒక్క క్షణం ఆగి, తుపాకీ అందుకుని చెట్ల మీదికి కాల్చి, "ఎదురుకాల్పులు" జరిగిన ఆనవాళ్లు తయారుచేస్తాడు.

ఎవరేం చేశారో చూడండి. నియమాలు, కుటుంబం అంటూ తిరిగే మార్టీ చట్టం దాటి చంపాడు. మనుషులు తమకు తాము అబద్ధాలు చెప్పుకుంటారని ఈసడించే రస్ట్ అతుకు కనపడని అబద్ధం అల్లాడు. ఒకరి బలహీనతను ఇంకొకరు భుజానేసుకున్నారు. మాటలు పోయినా, స్నేహం పోయినా, పదిహేడేళ్ల తర్వాత కూడా రెండు గదుల్లో రెండు నోళ్లు ఒకే అబద్ధాన్ని చెప్తున్నాయి. వాళ్లు భాగస్వాములని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

కూర్పు సంగతి కూడా చెప్పాలి. మాట ఒకటి వినిపిస్తూ బొమ్మ ఇంకోటి కనిపించడం ఇక్కడ అలంకారం కాదు. నాలుగు ఎపిసోడ్ల దాకా వీళ్ల మాటా మన చూపూ దాదాపు కలిసే నడుస్తాయి కాబట్టి మనం నమ్మడం అలవాటు చేసుకున్నాం. అందుకే ఐదులో అవి విడిపోయినప్పుడు దెబ్బ తగులుతుంది. మొదటి ఎపిసోడ్ నుంచే మాటకీ బొమ్మకీ పొంతన లేకుండా చేస్తే ప్రేక్షకుడు దేన్నీ నమ్మడు, ఈ సీను చప్పగా పోతుంది.

#3 మహతి

మీ ఇద్దరూ మార్టీ భార్య మ్యాగీని వదిలేశారు. ఈ ఇద్దరి మధ్య ఏదైనా అటూ ఇటూ పారిందంటే సగం ఆమె ద్వారానే.

మూడో ఎపిసోడ్‌లో మార్టీ ఇంటికొచ్చేసరికి రస్ట్ వాళ్ల పచ్చిక కోసేసి, లోపల మ్యాగీతో మాట్లాడుతూ ఉంటాడు. అప్పు తెచ్చుకున్న మిషన్ తిరిగిస్తూ చేసిన చిన్న సాయం అది. మార్టీకి ఒళ్లు మండిపోతుంది. తను ఇంట్లో లేని సమయంలో ఆ ఇంటి మగవాడు చేయాల్సిన పని ఇంకొకడు చేశాడన్నదే మంట. రస్ట్ వైపు నుంచి చూస్తే లెక్క వేరు. రెండేళ్ల కూతురు పోయి, పెళ్లి చెదిరి, మంచం కూడా లేని గదిలో నేల మీద పరుపేసుకుని బతికేవాడికి ఒక ఇల్లు ఎలా ఉంటుందో గుర్తొచ్చిన పూట అది. మార్టీకి విలువ తెలియని ఇల్లు రస్ట్‌కి ఆకలి పుట్టించింది. ఇంకడం అంటే ఇది. ఇందులో తత్వం గురించి ఒక్క ముక్క లేదు, గడ్డి కోసిన వాసన ఉంది.

ఆరో ఎపిసోడ్‌లో, అంటే 2002లో, మార్టీ మళ్లీ దారి తప్పాడని తెలిశాక మ్యాగీ కావాలనే రస్ట్ దగ్గరికి వెళ్తుంది. మార్టీ ఇంక క్షమించలేని పని ఏదో ఆమెకు తెలుసు. ఆఫీసు పార్కింగ్‌లో ఇద్దరూ కొట్టుకుంటారు, రస్ట్ ట్రక్కు వెనక లైటు పగులుతుంది. 2012లో కూడా ఆ లైటు పగిలే ఉంటుంది. పదేళ్లు మార్పించలేదు.

నా ఫిర్యాదు కూడా రాస్తా. ఇద్దరు మగవాళ్ల మార్పు కోసం ఆడపాత్రను తీగలాగా వాడుకుని వదిలేశారు. కరెంటు పారింది, తీగకేమైందో ఎవరూ చూడలేదు. రాసేవాళ్లు ఈ పద్ధతి తీసుకుంటే ఆ తప్పు కూడా తీసుకోకండి.

#4 రెండోసీటు

మహతి గారూ, గడ్డి సీను నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. ఫిర్యాదు కూడా న్యాయమైనదే. ఎనిమిది ఎపిసోడ్లూ ఒక్క నిక్ పిజోలాటో చేతి రాత, ఒక్క క్యారీ ఫుకునాగా దర్శకత్వం. ఇద్దరి మధ్య నూలుపోగు తెగకుండా ఉండటానికి అది బలం. మూడో మనిషి వైపు నుంచి చూసే కన్ను లేకపోవడానికి కూడా అదే కారణమేమో అనిపిస్తుంది.

#5 లాకప్‌లైట్

ఇదంతా బాగుంది గానీ దీన్ని మన స్టేషన్‌కి యథాతథంగా తెచ్చుకుంటే కుదరదు. కారణం చెప్తా.

అమెరికా సిరీస్‌లలో ఇద్దరు డిటెక్టివ్‌లు సాధారణంగా ఒకే హోదా. ఒకే కారు, ఒకే కేసు, సమానంగా మాటకు మాట. మన దగ్గర "పార్ట్‌నర్" అనే కుర్చీయే లేదు. కేసుకి దర్యాప్తు అధికారి ఒక్కరే. కేస్ డైరీ రాయాల్సింది ఆయనే, కోర్టులో బోనెక్కి సమాధానం చెప్పాల్సింది ఆయనే. పక్కనుండేవాళ్లు పైవాళ్లో కిందివాళ్లో అవుతారు. కాబట్టి మన కథల్లో ప్రభావం పల్లంలోకి పారినంత తేలిగ్గా ఎగువకు ఎక్కదు. పై అధికారి గుణం కిందివాడికి అంటడం చూపించడానికి ఒక ఆర్డరు చాలు. కిందివాడి గుణం పైవాడికి ఎక్కాలంటే దొంగదారి కావాలి.

దీన్ని సరిగ్గా పట్టుకున్నది పాతాళ్ లోక్ అనే హిందీ వెబ్ సిరీస్. 2020 మేలో వచ్చిన మొదటి సీజన్ మొదట్లో ఢిల్లీ అవుటర్ జమునాపార్ స్టేషన్ ఇన్‌స్పెక్టర్ హాథీరాం చౌధరి, స్వర్గలోకం, భూలోకం, పాతాళలోకం అంటూ ఊరిని మూడు ముక్కలు చేసి తన జూనియర్ ఇమ్రాన్ అన్సారీకి పాఠం చెప్తాడు. అన్సారీ వింటాడు. అతను ఒక పక్క సివిల్స్‌కి తయారవుతుంటాడు. కాగితం చదవడం, ఓపిగ్గా వరస పేర్చడం అతని సొత్తు. హాథీరాందేమో ఒళ్లు గాయాలు చేసుకునైనా ముందుకు తోసుకుపోయే తీరు. సస్పెండైన తర్వాత హాథీరాంకి చేతిలో అధికారం ఉండదు. అప్పుడు అతనికి మిగిలేది అన్సారీ మార్గమే: అడగడం, వెతకడం, చదవడం. హోదా ఊడాకే కిందివాడి పద్ధతి పైవాడికి ఎక్కింది.

2025 జనవరిలో వచ్చిన రెండో సీజన్‌లో ఆ తక్కెడను తిప్పేశారు. అన్సారీ ఐపీఎస్ పాసై ఏసీపీగా వచ్చాడు, హాథీరాం ఇన్‌స్పెక్టర్‌గానే ఉండిపోయాడు. ఇద్దరూ నాగాలాండ్ వెళ్తారు. నిన్నటిదాకా పనులు పురమాయించిన కుర్రాడిని ఇప్పుడు ఏమని పిలవాలి అన్న తడబాటులో ఐదు పేజీల డైలాగులకు సరిపడా సరుకుంది. తర్వాత అన్సారీ చనిపోతాడు. అక్కడి నుంచి హాథీరాం మోసేది తన కేసుతో పాటు అన్సారీ వదిలిన పని కూడా.

#6 ఓరుగల్లు బాలు

లాకప్‌లైట్ అన్నా, గదే అసలు పాయింట్. ఇంకోటి కూడా కలుపుతా. ఐదో ఎపిసోడ్‌ల లెడూ సీను మన దగ్గర రాస్తే కథ అంత అల్కగ గడవదు. 2014ల సుప్రీంకోర్టు పీయూసీఎల్ (పౌరహక్కుల సంఘం) కేసుల చెప్పిన ప్రకారం పోలీసు కాల్పుల్ల మనిషి పోతే సీఐడీనో వేరే స్టేషన్ టీమో దర్యాప్తు చెయ్యాలె, మెజిస్టీరియల్ విచారణ ఉండాలె. అంటే ఇద్దరి అబద్ధం మొదటి వారంలనే వేరేవాళ్ల చేతిల పడతది. పదిహేడేళ్లు ఆగదు.

#7 లాకప్‌లైట్

బాలూ, అవును. పైగా 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త చట్టం వచ్చింది. సెక్షన్ 105 కింద సోదా, స్వాధీనం వీడియో తియ్యాలి. ఎవరి ఫోన్ ఆన్‌లో ఉంది, ఎప్పుడు ఆపారు అన్నదే ఇద్దరి మధ్య గుట్టు అవుతుంది. పాత సినిమాల్లోలా "పంచుల (సోదాకి సాక్షులుగా ఉండేవాళ్ల) సంతకాలు తర్వాత చూసుకుందాంలే" అని రాస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. కేస్ డైరీ ఇప్పుడు సెక్షన్ 192. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న నేరం సాక్ష్యంగా చెల్లదన్నది కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 23. రస్ట్‌కి ఉన్న పేరంతా నిందితుడి చేత ఒప్పించడంలోనే కదా. అలాంటి నేర్పరిని మన కథలో పెడితే, ఒప్పించిన మాటను కోర్టులో నిలబడే వస్తువుగా మార్చే రెండో మనిషి తప్పనిసరి. ఆ అవసరం నుంచే జంట పుడుతుంది. గుణాలు కలవకపోయినా పని కలుపుతుంది.

#8 శ్రావ్యకథ

అందరికీ నమస్కారం. చాలా ఉపయోగపడే దారం ఇది. ఒక సూటి ప్రశ్న. తెలుగులో ఎనిమిది ఎపిసోడ్ల కథ, ఇరవై ఏడేళ్ల ఎస్సై, రిటైర్మెంటుకి రెండేళ్లున్న హెడ్ కానిస్టేబుల్ అనుకోండి. వాళ్ల ప్రభావం ఒకరి మీద ఒకరిది చూపించాలంటే ఎక్కడ మొదలెట్టాలి, ఎన్నిసార్లు చూపించాలి? ఎక్కువైతే అతిగా ఉంటుంది, తక్కువైతే ఎవరూ గమనించరు.

#9 ఎడిట్‌టేబుల్

శ్రావ్య గారూ, స్క్రిప్టులో పనికొచ్చే కొలతల్లో చెప్తా.

ఒక్కో పాత్రకు ఒక పనిముట్టు లాంటి అలవాటు ఇవ్వండి. ఒక్కటే. "మంచివాడు", "కోపిష్టి" లాంటివి అలవాట్లు కావు, కెమెరాకి దొరకవు. హెడ్ గారు నేరస్థలంలోకి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు లెక్కపెడతారు అనుకోండి. ఇంట్లో ఎంతమంది ఉండాలి, ఎన్ని జతలున్నాయి. ఇది చేతికి, కంటికి సంబంధించిన పని.

దాన్ని నాలుగుసార్లు చూపిస్తే చాలు. మొదటి ఎపిసోడ్‌లో హెడ్ గారు లెక్కపెడతారు, ఎస్సై విసుక్కుంటూ దాటి వెళ్లిపోతాడు. మూడో ఎపిసోడ్‌లో ఆ లెక్క వల్ల ఒక విషయం దొరుకుతుంది, ఎస్సై ఏమీ అనడు. ఐదులో హెడ్ గారు పక్కన లేరు. ఎస్సై గుమ్మం దాటేసి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి లెక్కపెడతాడు. ఈ వెనక్కి రావడమే మీ సిరీస్ గుండెకాయ. దాని మీద సంగీతం వెయ్యొద్దు, క్లోజప్ వెయ్యొద్దు, నడుములోతు షాట్‌లో ఆరేడు సెకన్లు ఉంచి కట్ చెయ్యండి. నాలుగోసారి ఏడు లేదా ఎనిమిదిలో, అదే అలవాటు తప్పుదారి పట్టించాలి. చెప్పులు సరిపోయాయి, కానీ హంతకుడు చెప్పులు విప్పకుండానే లోపలికెళ్లాడు. అరువు తెచ్చుకున్న అలవాటుకి మూల్యం ఉండాలి. లేకపోతే అది నేర్చుకోవడం అవుతుందే తప్ప స్వభావం మారడం కాదు.

రెండో వైపు, అంటే ఎస్సై నుంచి హెడ్ గారికి, రెండుసార్లు చాలు. రెండు వైపులా సమానంగా తూచి పెడితే లెక్కల పుస్తకంలా ఉంటుంది. 2014 సీజన్‌లో కూడా రస్ట్ నుంచి మార్టీకి వెళ్లింది పద్ధతి, మార్టీ నుంచి రస్ట్‌కి వెళ్లింది బంధం. ఒకటి అడుగడుగునా కనిపిస్తుంది, రెండోది చివరిదాకా దాక్కుని ఉంటుంది.

ఎక్కడ చెడుతుందంటే, మార్పు మొదలైన సీనులోనే ఎవరో ఒకరు దాన్ని గుర్తించి మాట్లాడేస్తారు. "ఏంటి సార్, నాలాగే చేస్తున్నారు!" ఆ లైను కొట్టెయ్యండి. ఎడిటింగ్ దాకా వస్తే అక్కడైనా కొట్టెయ్యండి.

#10 మహతి

దానికి తోడు మన భాషలో ఉన్న సదుపాయం వాడుకోండి శ్రావ్యా. ఇంగ్లీషు రచయితకు ఉన్నది ఒక్క "యూ". మనకు నువ్వు, మీరు ఉన్నాయి. మనిషి ఎదురుగా లేనప్పుడు వాడు, అతను, ఆయన ఉన్నాయి.

వయసులో పెద్దాయన కాబట్టి మర్యాద తెలిసిన ఎస్సై హెడ్ గారిని "మీరు" అంటాడు. హోదా కాబట్టి హెడ్ గారు ఎస్సైని "సార్, మీరు" అంటారు. ఇద్దరూ ఒకరినొకరు "మీరు" అనుకుంటున్నా రెండు "మీరు"లకీ మధ్య ఆమడ దూరం. ఎస్సై మొదటి ఎపిసోడ్‌లో కోపంలో ఒకసారి "నువ్వు" అనేస్తే అది అవమానం. ఆరో ఎపిసోడ్‌లో ఆస్పత్రి వరండాలో హెడ్ గారి నోట "నువ్వు కాసేపు కూర్చో" అని వచ్చి, వెంటనే "కూర్చోండి సార్" అని సర్దుకుంటే, ఆ ఒక్క జారుపాటులో కొడుకుని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడని తెలిసిపోతుంది. ఇంకేమీ రాయక్కర్లేదు. ఎస్సై లేనప్పుడు హెడ్ గారు మిగతా కానిస్టేబుళ్ల ముందు "ఆ కుర్రాడు" నుంచి "మన సార్"కి ఎప్పుడు మారారో కూడా ముందే రాసిపెట్టుకోండి. ఎపిసోడ్ల వారీగా ఒక పట్టిక వేసుకుని ఎవరు ఎవరిని ఏమంటున్నారో నింపండి. డబ్బింగ్‌లో ఇవి కలిసిపోకుండా వాయిస్ డైరెక్టర్‌కి ఆ పట్టిక ఇవ్వండి.

#11 ఓరుగల్లు బాలు

అలవాటు అంటే బ్రేకింగ్ బ్యాడ్ యాదికొచ్చింది. వాళ్లు పోలీసులు కాదు, డ్రగ్స్ తయారుచేసేటోళ్లు, గానీ భాగస్వాములే కదా. నాలుగో సీజన్ పదో ఎపిసోడ్ చూడుండ్రి. జెస్సీ మెక్సికో ల్యాబ్‌ల ఒక్కడే నిలవడతడు, పక్కన పని నేర్పిన వాల్టర్ లేడు. అక్కడి కెమిస్ట్ ఇతన్ని చిన్నచూపు చూస్తడు. జెస్సీ మొట్టమొదట చేసే పని ఏంది? ల్యాబ్ మురికిగున్నదని, మొత్తం తోమి కడగమని గట్టిగ కేకలేస్తడు. గొంతు జెస్సీది, మాట వాల్టర్‌ది. ఆ సరుకు స్వచ్ఛత 96.2 శాతం వస్తది. మొదటి సీజన్ల శుభ్రమంటే పట్టని పోరడు. ఎడిట్‌టేబుల్ అన్న చెప్పిన "పక్కన లేనప్పుడు చేసుడు" గిదే.

#12 రెండోసీటు

మంచి ఉదాహరణ బాలూ. ఇలాంటిదే ఎక్స్‌ఫైల్స్ మొదటి సీజన్‌లో "బియాండ్ ద సీ". దేన్నీ తేలిగ్గా నమ్మని ఎఫ్‌బీఐ ఏజెంట్ స్కలీ తండ్రి పోయిన వెంటనే, అతీంద్రియ శక్తి ఉందంటున్న ఒక ఖైదీ మాట ఆమె నమ్మడం మొదలుపెడుతుంది, ఎప్పుడూ నమ్మే ఆమె జోడీ మల్డర్ ఈసారి అనుమానిస్తాడు. అయితే అక్కడ ఎపిసోడ్ అయ్యాక ఇద్దరూ ఎవరి కుర్చీలోకి వాళ్లు వెళ్లిపోతారు. మార్పు నిలబడి కనిపించేది ఎనిమిదో సీజన్‌లో. మల్డర్ మాయమై, కొత్తగా డాగెట్ వచ్చాక స్కలీయే నమ్మేవైపు నిలబడాల్సి వస్తుంది. ఆ ఖాళీ కుర్చీ ఆమెను అక్కడికి తోసింది.

#13 శ్రావ్యకథ

చెప్పులు లెక్కపెట్టే ఆలోచన, పిలుపుల పట్టిక రెండూ కళ్లు తెరిపించాయి. ఒక సందేహం మిగిలింది. రెండోసీటు గారూ, మార్టీ నిజంగా మారాడంటారా? 2002లో కూడా అదే తప్పు చేశాడు కదా.

#14 రెండోసీటు

శ్రావ్య గారూ, భర్తగా మారలేదు. దాన్ని రచయిత కూడా దాచలేదు. చివర్లో హంతకుడితో పోరాడి గాయపడ్డాక, ఆస్పత్రి మంచం చుట్టూ మాజీ భార్యా పిల్లలూ నిలబడితే, బాగానే ఉన్నానంటూనే మార్టీ ఏడ్చేస్తాడు. పోయింది తిరిగి రాదు.

మారింది వేరే చోట. మొదటి ఎపిసోడ్‌లో కారు సీను మళ్లీ చూడండి. రస్ట్ బతుకు గురించి తన నమ్మకాలు చెప్తుంటే మార్టీ తట్టుకోలేక, ఇకమీదట ఈ కారు మౌనంగా ఉండే చోటు అని రూలు పెట్టేస్తాడు. ఇప్పుడు ఎనిమిదో ఎపిసోడ్ ఆఖరి సీను పక్కన పెట్టుకోండి. రాత్రి, ఆస్పత్రి బయట, చక్రాల కుర్చీలో రస్ట్, వెనక మార్టీ. మార్టీ రిబ్బను కట్టిన చిన్న పొట్లం ఇస్తాడు, అందులో ఒక సిగరెట్ ప్యాకెట్. రస్ట్ కూతురి గురించి చెప్పి ఏడుస్తాడు. అప్పుడు మార్టీ, అలాస్కాలో చిన్నప్పుడు నక్షత్రాలు చూసి కథలు అల్లుకునేవాడినన్నావు కదా, అది చెప్పు అంటాడు. నోరు మూసుకోమన్నవాడే చెప్పమని అడుగుతున్నాడు. ఎప్పుడో విన్న మాట గుర్తుపెట్టుకుని మరీ అడుగుతున్నాడు.

ఆ తర్వాతి రెండు లైన్లు ఎవరివో గమనించండి. ఆకాశం చూసి చీకటిదే ఎక్కువ చోటు అనేది మార్టీ. అది రస్ట్ అనాల్సిన మాట. రస్ట్ ముందు ఒప్పుకుంటాడు. మార్టీ కారు దాకా నడిపిస్తుంటే, నువ్వు చూసే తీరు సరికాదు, ఒకప్పుడు ఉన్నదంతా చీకటే, ఇప్పుడు వెలుగే గెలుస్తోంది అంటాడు. ఆ సమయంలో రస్ట్ బరువంతా మార్టీ భుజం మీద ఉంటుంది.